సోర్సులో లేని అంకె

ఔలు,
జనవరి 14

తర్మో అన్నయ్యకు,

నెట్ లేని దీవిలో ఉంటానని పంతం పట్టినవాడితో మాట్లాడాలంటే ఉత్తరమే దిక్కు. సరస్సు ఒడ్డున రోడ్డు పక్కన ఉన్న నీ పోస్టు డబ్బా మూత గడ్డకట్టి రావడం లేదని రాశావు. వేణ్ణీళ్లు పొయ్యకు, తుప్పు పడుతుంది.

'లౌటా' నా చేతికి వచ్చి నాలుగు నెలలైంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అదేమిటని అడిగింది. మాట పడిపోయినవాళ్లు తెరమీద అక్షరాలు నొక్కితే పైకి చదివి వినిపించే ప్రోగ్రామని చెప్పాను. దాన్ని రాసిన మూలం, అంటే సోర్స్, అందరికీ తెరిచే ఉంటుందని, విండోస్‌కీ మ్యాక్‌కీ లినక్స్‌కీ విడివిడిగా ప్యాకేజీలు మా అన్నయ్య పందొమ్మిదేళ్లు ఒక్కడే చేసిపెట్టాడని చెప్పాను. సోర్స్ ఉంటే ఎవరికి వాళ్లే చేసుకోవచ్చుగా అంది. పక్షవాతం వచ్చిన పెద్దాయన సోర్సుని ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ ఎక్కించుకుంటాడా, ఆయనకి నొక్కగానే తెరుచుకునే ఫైలు కావాలి అన్నాను. నీ మాటలే చెప్పాను. అవి నీ మాటలని మాత్రం చెప్పలేదు.

అసలు విషయం. లాప్పేన్‌రాంతాలో వృద్ధుల గృహంలో పనిచేసే నర్సు ఒకావిడ ఫిర్యాదు పంపింది. వాళ్ల దగ్గర ఉర్హో అనే ఆయన పాత విండోస్ లాప్‌టాప్‌లో లౌటా వాడతాడు. ఒకే అక్షరం రెండుసార్లు నొక్కితే రెండోది పడటం లేదట. పోయిన వేసవిలో కొత్త వెర్షన్ ఎక్కించినప్పటి నుంచీ ఇదే వరసట. సోర్స్ అంతా చదివాను, అక్కడ ఏ లోపమూ కనిపించలేదు. నీకు ఏమైనా గుర్తుందా?

ఐలా వదిన లేకుండా నీకిది మొదటి చలికాలం. కట్టెలు సరిపోతున్నాయా? సరిగ్గా తింటున్నావా?

మెర్వి


దీవి,
జనవరి 27

మెర్వీ,

కట్టెలు మార్చి దాకా వస్తాయి. మంచుకి కన్నం వేసి వల దించాను, చిన్న చేపలు బాగానే పడుతున్నాయి. రై పిండితో రొట్టె చేశాను. అడుగు మాడింది, అయినా తిన్నాను.

ఆ ఫిర్యాదు సంగతి. లాప్‌టాప్ పాతదన్నావుగా, కీబోర్డు అరిగిపోయి ఉంటుంది. టచ్ తెర అయితే దాని మీద మరకలుంటాయి. నర్సుని తుడవమను. ఎలాగూ వసంతంలో కొత్త వెర్షన్ తెస్తావు, మూడు ప్యాకేజీలూ నీ మిషన్ మీద కొత్తగా బిల్డ్ చెయ్యి. పాతవాటి జోలికి పోకు. పాత ప్యాకేజీలు తవ్వుతూ కూర్చుంటే కొత్త పని సాగదు.

నన్ను తలుచుకున్నందుకు సంతోషం.

తర్మో


ఔలు,
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

తుడిచారు. కొత్త కీబోర్డు పెట్టారు. అయినా అంతే.

అందుకని, వద్దన్నా పాతవాటి జోలికి వెళ్లాను. ఒకే సోర్స్ నుంచి, అవే పనిముట్లతో, ఎవరు ఏ మిషన్ మీద తయారు చేసినా అక్షరం తేడా లేకుండా అదే ఫైలు రావాలి, అప్పుడే జనం మనల్ని నమ్మకుండా ఫైలుని నమ్మగలరు అని నువ్వే నాకు నేర్పావు. నువ్వు మేలో విడుదల చేసిన వెర్షన్ సోర్స్ తీసుకుని, నువ్వు రాసిపెట్టిన పద్ధతి పక్కన పెట్టుకుని మొదటి నుంచీ చేశాను. లినక్స్ ప్యాకేజీ నీదానితో సరిపోయింది. మ్యాక్‌ది, చేసింది నువ్వేనని చూపే డిజిటల్ సంతకం తీసేసి చూస్తే, అదీ సరిపోయింది. విండోస్‌ది సరిపోలేదు. తేదీ వల్లనేమో అని గడియారం వెనక్కి పెట్టి చేశాను. ఫోల్డరు పేర్లు నువ్వు వాడినవే పెట్టాను. తేడాలన్నీ ఒక్కొక్కటే పోయి చివరికి ఒకే ఒక చోట మిగిలింది. నొక్కిన అక్షరాన్ని పట్టుకునే భాగంలో, నాలుగు వందల బైట్లు కూడా ఉండదు. అది సోర్సులో ఎక్కడా లేదు.

నర్సుతో ఫోనులో మాట్లాడాను. ఉర్హోకి ఒక్కతే కూతురు, పేరు సిర్పా. ప్రతి ఆదివారం వచ్చేదట. జూన్‌లో ఒక శనివారం వచ్చి, వెళ్లబోతుంటే ఈయన మిషన్ మీద ఏదో రాశాడు. "రేపు నిన్ను కలుస్తాను" అందామనుకున్నాడు. 'తపాన్' అని నొక్కాడు, మన భాషలో దీర్ఘానికి అక్షరం రెండుసార్లు నొక్కాలి కదా, ఆ రెండో 'అ' పడలేదు, మిషన్ 'తపన్' అని చదివింది. ఆ గదిలో వినిపించింది "రేపు నిన్ను చంపుతాను" అని. సిర్పా సంచీ తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఎనిమిది నెలలైంది. ఈయన ఎడమచేత్తో రాసి పంపిన కాగితం కూడా తీసుకోలేదట.

ఆ భాగం ఎక్కడి నుంచి వచ్చింది అన్నయ్యా? నీ లాప్‌టాప్‌లోకి ఎవరైనా చొరబడ్డారేమో అని కూడా అనుకున్నాను. అదే అయితే ఇవాళే అందరికీ చెప్పాలి.

మెర్వి


దీవి,
ఫిబ్రవరి 24

మెర్వీ,

ఎవరూ చొరబడలేదు. భయపడకు, ఎవరినీ భయపెట్టకు.

విండోస్ ప్యాకేజీ మొదటి నుంచీ నా ఇంటి లాప్‌టాప్ మీదే తయారయ్యేది, సంతకం చేసే తాళం అందులోనే ఉండేది కాబట్టి. ఆ లాప్‌టాప్ ఇప్పుడు లేదు. కంపైలర్లు ఒక్కోసారి చెప్పకుండా ఏదో కలుపుతాయి. ఇంత వయసొచ్చి నీకు తెలియదా? పోలీసువాళ్లలా ప్రశ్నలు పంపడానికి కాదు ఆ పని నీకు అప్పగించింది.

ఆ సిర్పా అన్న ఆవిడ ఎక్కడుంటుంది? మిషన్ చెడిపోయిందని ఎవరూ ఆవిడకి చెప్పలేదా? ఉర్హో వయసెంత? వేగంగా నొక్కుతాడా, నిదానంగానా?

తర్మో


ఔలు,
మార్చి 20

అన్నయ్యా,

కంపైలరు ఏదీ చెప్పకుండా కలపదు. పదేళ్ల క్రితం నీ దగ్గర నేను ఇదే సాకు చెబితే బల్ల మీద కాఫీ కప్పు కొట్టి తిట్టావు.

నువ్వడిగినవాటికి ముందు జవాబు. ఉర్హోకి డెబ్బై నాలుగు. ఎడమచేతి చూపుడువేలితో నొక్కుతాడు, సెకనుకి ఒక అక్షరం. సిర్పా ఇమాత్రాలో ఉంటుంది. మిషన్ చెడిపోయిందని చెప్పలేకపోయారు, ఎందుకంటే మనమే లోపం లేదని జవాబిచ్చాం. సోర్స్ చూసి నేనే ఇచ్చాను ఆ జవాబు.

ఆ భాగాన్ని విప్పి చూశాను. ఒక అక్షరం నొక్కాక కొంతసేపటిలోపు మళ్లీ అదే అక్షరం పడితే దాన్ని పారేస్తుంది. ఎంతసేపనేది ఒక అంకె. పద్నాలుగు వందలు, సెకనులో వెయ్యో వంతుల లెక్కన. అంటే దాదాపు సెకనున్నర. సెకనుకొక అక్షరం నొక్కే మనిషికి దీర్ఘాలూ ఉండవు, ఒత్తులూ ఉండవు.

తర్వాత పాత విడుదలలు ఒక్కొక్కటీ దించాను. నాలుగేళ్ల కిందటి దాంట్లో మూడు వందలు. ఆ మరుసటేడు నాలుగు వందల యాభై. ఆ తర్వాత తొమ్మిది వందలు. పోయిన మేలో పద్నాలుగు వందలు. అంతకుముందు ఏమీ లేదు. పొరపాటైతే ఒకే అంకె ఉంటుంది. ఇది ఎవరో ఏటా కూర్చుని మార్చిన అంకె.

నువ్వు ఎందుకు చేశావో నాకు చెప్పు. ఏప్రిల్ పదిహేను దాకా చూస్తాను. ఆ తర్వాత ఆ ప్యాకేజీని తీసేసి, తీసేసినట్టు అందరికీ రాస్తాను. నీ పేరు రాయాలా, ఏం రాయాలి అన్నది నీ జవాబుని బట్టి.

మెర్వి


ఔలు,
ఏప్రిల్ 22

అన్నయ్యా,

జవాబు రాలేదు. సరస్సు మీద మంచు పల్చబడి ఉంటుంది, నడవనూ లేవు, పడవ వెయ్యనూ లేవు అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇది నీకు మంచు కరిగాకే అందుతుంది.

పదిహేనున విండోస్ ప్యాకేజీ తీసేశాను. "దీంట్లో ఉన్నది మా సోర్సులో ఉన్నది కాదు. కారణం తెలుసుకుంటున్నాం. అక్షరాలు ఎగిరిపోతాయి, జాగ్రత్త" అని మూడు వాక్యాలు రాశాను. సోర్సులో ఉన్నది ఉన్నట్టుగా చేసిన ప్యాకేజీ దాని స్థానంలో పెట్టాను.

తిట్లు వస్తాయని అనుకున్నాను, వచ్చాయి. మనల్ని ఇక నమ్మలేమని ముగ్గురు రాశారు. వాళ్లది న్యాయమే. నేను అనుకోనిది వేరే వచ్చింది. గెంట్ అనే ఊరి నుంచి ఒకావిడ రాసింది. వాళ్ల తమ్ముడి చెయ్యి వణుకుతుంది. కొత్తది ఎక్కించగానే ఒక్కో అక్షరం నాలుగైదుసార్లు పడుతోందట, పొద్దున్నుంచీ ప్రయత్నించి మిషన్ పక్కకి తోసేశాడట. "పాతది ఎందుకు తీసేశారు? అది ఒక్కటే వాడి చెయ్యిని అర్థం చేసుకుంది" అని రాసింది. అలాంటివే ఇంకో పదకొండు వచ్చాయి.

అప్పుడు కూర్చుని ఆ నాలుగు అంకెలూ మళ్లీ చూశాను. ఈసారి పక్కన వెర్షన్లు కాకుండా సంవత్సరాలు వేసుకున్నాను. వదిన మాట పడిపోయాకే మొదలయ్యాయి, ఆమె పోయిన ఏడాదితో ఆగాయి.

అది వదిన చెయ్యి, కదూ?

మెర్వి


దీవి,
మే 6

మెర్వీ,

నిన్న పడవ వేశాను. నీ ఏప్రిల్ ఉత్తరం డబ్బాలో ఉంది. నెపం మంచు మీదికి నెట్టేయను, మార్చి ఉత్తరం అందాక కూడా పన్నెండు రోజులు మంచు నడవనిచ్చింది. రాయలేక రాయలేదు.

అవును, ఐలా చెయ్యే.

నరాల జబ్బు ముందు గొంతుకి వచ్చింది, అది మీకందరికీ తెలుసు. చేతికి కూడా వచ్చిందని మీకు చెప్పలేదు. వేలు ఒకసారి ఆనిస్తే మూడుసార్లు తగిలేది. నేను ఒక సాయంత్రం కూర్చుని ఆ ముక్క రాశాను, రెండోసారి వెంటనే తగిలితే లెక్కచేయకుండా. ఆమె వాడి చూసి, "నీ ప్రోగ్రాం ఇప్పుడు నాకంటే నిదానం" అని మిషన్ చేత అనిపించింది. సోర్సులో పెడతాను, చాలామందికి పనికొస్తుంది అన్నాను. వద్దంది. మార్పు ఎందుకు చేశామో కారణం రాయాలి కదా, నేను ఎవరి కోసం చేశానో లౌటా వాడే పాతవాళ్లందరికీ తెలిసిపోతుంది కదా. "నా చెయ్యి గురించి ఎవరూ చదవక్కర్లేదు" అంది. ఆ మాట చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. నేను ఇంకేం వాదించను?

అందుకని అది నా లాప్‌టాప్ ఫోల్డర్లోనే ఉండిపోయింది. మొదటిసారి ప్యాకేజీలోకి వెళ్లింది పొరపాటునే. విడుదల రోజు ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తొందరలో ఆ ముక్క తీసి పక్కన పెట్టడం మరిచాను. వారం తర్వాత గమనించాను. వెంటనే చెప్పి ఉండాల్సింది. ఇంతలో ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు, ఈ వెర్షన్‌లో ఏం చేశారో గానీ మా అమ్మ మళ్లీ మాట్లాడుతోంది అని. ఒకటి కాదు, ముప్ఫైకి పైగా. ఇక తీసేయలేదు. ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాతవి పొరపాట్లు కావు. ఏటా ఆమె చెయ్యి నిదానించేది, నేను అంకె పెంచేవాణ్ని. ఆమె మిషన్‌లో ఒక్కదానిలో మార్చుకుంటే సరిపోయేది. కానీ రెండు రకాలు ఉంచుకోవడం నాకు చేతకాలేదు. ఇంట్లో చూసుకోవడం, వంట, మందులు, వాటి మధ్యలో విడుదలలు. ఆ ఫోల్డర్లో ఏముందో అదే బిల్డ్ చేసి, సంతకం చేసి పంపేశాను. పద్నాలుగు వందలు పెట్టిన రోజున ఇది మిగతావాళ్లకి ఎక్కువేమో అనిపించింది. అనిపించినా పంపాను. అది నీకు చెప్పాలి.

ఆగస్టులో ఆమె పోయాక లాప్‌టాప్ తెరవలేకపోయాను. అందుకే పని నీకిచ్చి ఇక్కడికి వచ్చాను. ఆ ముక్క గురించి నీకు చెప్పకుండా ఇచ్చాను. నువ్వు కనుక్కోవని అనుకోలేదు. కనుక్కునేటప్పటికి నేను దూరంగా ఉంటే చాలనుకున్నాను.

ఉర్హో సంగతి ఫిబ్రవరిలో నువ్వు రాసినప్పుడే నాకు అర్థమైంది. అందుకే వేగంగా నొక్కుతాడా అని అడిగాను. ఉత్తరం రెండుసార్లు చదివి చేపలు శుభ్రం చేయడానికి వెళ్లిపోయాను. ఆ పూటకి నేను చేసింది అంతే.

నా పేరు రాయి. జరిగింది జరిగినట్టు రాయి. ఆమె పేరు మాత్రం రాయకు.

తర్మో


ఔలు,
మే 15

అన్నయ్యా,

రాశాను. పేజీకి సగం. "2021 నుంచి విండోస్ ప్యాకేజీలో సోర్సులో లేని భాగం ఉంది. దాన్ని పెట్టింది తర్మో హార్తొనెన్. ఇంట్లో ఒకరి చెయ్యి వణుకుతుంటే వారి కోసం రాశాడు. చెప్పకుండా అందరికీ పంపాడు. దానివల్ల కొందరు మాట్లాడగలిగారు, కొందరి మాట మారిపోయింది" అని. ఇంటి మనిషి పేరు లేదు.

ఆ ముక్క సోర్సులోకి తెచ్చాను. ఇప్పుడది సెట్టింగుల్లో కనిపిస్తుంది. ముందుగా ఆపి ఉంటుంది, కావలసినవాళ్లు ఎంతసేపు ఆగాలో వాళ్లే పెట్టుకుంటారు. గెంట్ ఆవిడ తమ్ముడు ఆరు వందల దగ్గర కుదురుకున్నాడట.

ఇక నా సంగతి ఒకటి. రెండేళ్ల క్రితం నా పుట్టినరోజుకి వదిన నాలుగు ముక్కలు రాసి పంపింది. "సంతోషంగా ఉండు. చలి జాగ్రత్త" అని, అంతే. నేనేం రాశానో గుర్తుందా? "ఈమధ్య నాతో పొడిపొడిగా ఉంటున్నావు, నా మీద కోపమా" అని. ఆమె జవాబివ్వలేదు. నేను కూడా బిగుసుకుని క్రిస్మస్ దాకా రాయలేదు. తొమ్మిది వందలున్న ఏడాది అది. నువ్వు చెప్పి ఉంటే నేను ఆ మాట రాసేదాన్ని కాదు. ఇది నేను క్షమించడానికి టైం పడుతుంది. ఎవరినన్నది ఇంకా తేల్చుకోలేదు.

రెండు పనులు నీకు చెబుతున్నాను. ఒకటి, ఇకమీదట ఏ ప్యాకేజీ అయినా వేర్వేరు చోట్ల ఇద్దరం చేసి, రెండూ సరిపోతేనే బయటికి వెళుతుంది. రెండోవాడివి నువ్వు. నీకు దగ్గర్లోని సవోన్‌లిన్నా ఊళ్లో లైబ్రరీలో నెట్ ఉంది, నా పాత లాప్‌టాప్ పోస్టులో వస్తోంది. రెండు, ఉర్హోకి కొత్త ప్యాకేజీ ఎవరైనా ఎక్కించాలి. నర్సుకి నువ్వే ఫోన్ చెయ్యి. నేను చేయను.

మెర్వి


సవోన్‌లిన్నా,
జూన్ 3

మెర్వీ,

లాప్‌టాప్ అందింది. మూడు ప్యాకేజీలూ లైబ్రరీలో కూర్చుని చేశాను. విండోస్‌ది రెండోసారికి కుదిరింది, మొదటిసారి గడియారం సంగతి మరిచాను. ఫైలు మారలేదని చూపే గుర్తు అంకెలు, చెక్‌సమ్‌లు, నువ్వు పంపినవాటితో మొదటి అక్షరం నుంచి చివరి దాకా సరిపోయాయి. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చూశాను.

నర్సుకి ఫోన్ చేశాను. ఆ ముక్క పెట్టింది నేనేనని చెప్పాను. ఆవిడ సోమవారం రమ్మంది. తనే సిర్పాకి కూడా చెప్పింది. పది నిమిషాలు వస్తానందట.

ఉర్హో పెద్ద మనిషి. దుంగలు లాగే పడవల మీద ముప్ఫై ఏళ్లు పనిచేశాడట. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పాత ప్యాకేజీ తీసేసి కొత్తది ఎక్కించాను, పది నిమిషాల పని. ఒకసారి చూసుకోమన్నాను. ఒకే అక్షరం రెండేసిసార్లు వచ్చే మాటలు వరసపెట్టి నొక్కాడు. మిషన్ అన్నీ సరిగ్గా చదివింది.

సిర్పా వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. కోటు విప్పలేదు, తలుపు దగ్గరే నిలబడింది. ఉర్హో తల ఎత్తలేదు. ముందు నేనే చెప్పాలి కాబట్టి చెప్పాను. మీ నాన్న నొక్కింది వేరు, మిషన్ చదివింది వేరు, మధ్యలో ఒక 'అ'ని మింగేసింది నేను రాసిన ముక్క, అది అక్కడున్నట్టు ఎవరికీ చెప్పలేదు అన్నాను. ఎవరి కోసం రాశానో చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడకి అది అక్కర్లేదు.

"ఒక్క అక్షరమా?" అంది.

"ఒక్కటే."

"మీరు చేసింది తప్పు. కానీ ఇంకెవరి నాన్న నోటినుంచి ఆ మాట వచ్చినా మిషన్ చెడిపోయిందనే అనుకునేవాళ్లు. నేను మాత్రం నమ్మాను" అంది.

అప్పుడు ఉర్హో నొక్కడం మొదలుపెట్టాడు. తెర నాకు కనబడకుండా పక్కకి జరిగాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. బయట ఎవరో గడ్డి కోసే మిషన్ నడుపుతున్నారు, అది రెండుసార్లు ఆగి మళ్లీ మొదలైంది. సిర్పా కదల్లేదు. చివరికి మిషన్ గొంతు చదివింది.

"నమ్మడం నీ తప్పు కాదు. తాగి ఆ మాట చాలాసార్లు అన్నాను. మీ అమ్మతో. నీతో. అప్పుడు మిషన్ లేదు."

నేను వెళ్లడానికి సంచీ సర్దుకుంటున్నాను. సిర్పా గోడ దగ్గరున్న కుర్చీ లాక్కుని కోటుతోనే ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన వేలు మళ్లీ తెర మీదికి వెళ్లి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు గాల్లో ఆగింది.

"రాయి. నేనుంటాను" అంది.

తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

తర్మో